గేటు బయటి జనం: పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పౌరసంబంధాల తీరు

ఒక సంస్థ తన చుట్టూ ఉన్న జనంతో ఎలా మాట్లాడుతుంది, వాళ్లు చెప్పేది ఎంతవరకు వింటుంది అన్నదే పౌరసంబంధాల పని. అందులో కొంత ఆఫీసులో కూర్చుని చేసేది. పత్రికలకు ప్రకటనలు పంపడం, అతిథులకు శాలువాలు కప్పించడం, వార్షిక నివేదిక అచ్చు వేయించడం ఈ కోవలోకి వస్తాయి. మిగతాది చెప్పులరిగేలా తిరిగి చేసేది. సంస్థ నడిచే తీరును బట్టి ఎవరి గాలి, నీరు, భూమి, కూలి మారిపోతాయో వాళ్ల ఇళ్లకు వెళ్లి విషయం చెప్పాలి, వాళ్లు అడిగినదానికి మళ్లీ వెళ్లి జవాబివ్వాలి. పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో మొదటి పనికి ఎన్నడూ లోటు రాలేదు. రెండోది మాత్రం ఎక్కువసార్లు నష్టం జరిగాకో, కోర్టు చెప్పాకో మొదలైంది. అప్పుడు చెప్పే మాటను జనం సమాచారంగా తీసుకోరు, సంజాయిషీగా తీసుకుంటారు.

జనం అంటే ఎవరు

ఈ పనిలో మొదటి పొరపాటు 'స్థానికులు' అని అందరినీ ఒకే గాట కట్టడం. పటేల్‌గూడనే చూడొచ్చు. అమీన్‌పూర్ మండలంలోని ఈ ఊరికి దగ్గర్లోనే బీరంగూడ, కిష్టారెడ్డిపేట కాలనీలున్నాయి. సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన వైద్య పరికరాల పార్కు ఉంది. బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు కూడా ఎంతో దూరం కావు. ఊళ్లో పాత కుటుంబాలున్నాయి. వాళ్లలో కొందరు పొలం అమ్ముకున్నారు, కొందరికి ఇంకా చెరువు కింద మడులున్నాయి. బ్యాంకు అప్పు తీసి విల్లాలు, ఫ్లాట్లు కొనుక్కుని నగరం నుంచి వచ్చినవాళ్లున్నారు. ఒక గది అద్దెకు తీసుకుని మూడు షిఫ్టుల్లో పనికి వెళ్లే కార్మికులున్నారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ నుంచి కాంట్రాక్టరు వెంట వచ్చి షెడ్లలో ఉండేవాళ్లూ ఈ ప్రాంతమంతటా ఉన్నారు.

వీళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో సంగతి కావాలి. రైతు బోరు నీళ్ల గురించి అడుగుతాడు. అర్ధరాత్రి కిటికీలోంచి వచ్చే ఘాటు వాసన ఏమిటి, పిల్లలకు ఏమైనా అవుతుందా అని కాలనీ గృహిణి అడుగుతుంది. కార్మికుడికి తాను నింపే డ్రమ్ములో ఏముందో తెలియాలి. వలస కూలీ ఇంట్లోవాళ్లకు కావలసింది ఇంకా తక్కువ: తమవాడు ఏ కంపెనీలో, ఏ షిఫ్టులో ఉన్నాడో చెప్పే ఒక ఫోన్ నంబరు. అందరికీ కలిపి ఒకే కరపత్రం వేస్తే అది ఎవరి చేతికీ అందనట్టే.

మాట చేరే దారులూ మారిపోయాయి. పంచాయతీ ఉన్న రోజుల్లో ఏ విషయమైనా గ్రామసభలో పెట్టే వీలుండేది. సభ మొక్కుబడిగా జరిగినా అడిగే హక్కు ఉండేది. ఊరు పట్టణ పాలనలోకి వెళ్లాక గ్రామసభ ఉండదు. వార్డు కమిటీలు కాగితం మీదే ఎక్కువ. ఆ ఖాళీని కాలనీ సంఘాల వాట్సాప్ గ్రూపులు నింపుతున్నాయి. వాటిలో ఇల్లున్నవాళ్లే తప్ప అద్దెకున్నవాళ్లు ఉండరు, షెడ్లలో ఉన్నవాళ్లు అసలే ఉండరు. గ్రూపులో పెట్టేశాం కాబట్టి ఊరందరికీ తెలిసిందనుకునే పౌరసంబంధాల అధికారి (పీఆర్‌వో) ఊళ్లో సగాన్ని వదిలేసినట్టే.

నక్కవాగు నేర్పినది

ఈ ప్రాంతంలో జనానికి, ఫ్యాక్టరీలకు మధ్య అపనమ్మకం ఇప్పటిది కాదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చాయి. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఏపీఐఐసీ) ఏర్పడ్డాక పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం వరుసగా పారిశ్రామికవాడలయ్యాయి. వాటిలో మందుల ముడిసరుకు చేసే కంపెనీలు, రసాయన కంపెనీలు ఎక్కువ. వాటి వ్యర్థజలం ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి పారింది. పంటలు పోయాయి, బావుల నీళ్లు రంగు మారాయి. ఇందులో ఏ ఒక్కటీ కంపెనీలు జనానికి ముందుగా చెప్పలేదు. తమ నీళ్లలో ఏం కలుస్తోందో రైతులు పొలం ఎండిపోయాకే తెలుసుకున్నారు.

అప్పుడు జనంలోకి వెళ్లింది కంపెనీల పీఆర్‌వోలు కారు, పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు. ఆయన రోగుల్ని చూస్తూనే ఊళ్లు తిరిగారు, రైతులతో కలిసి కాలుష్య వ్యతిరేక ఉద్యమాన్ని నడిపారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌తో పటాన్‌చెరు దేశమంతటికీ తెలిసింది. రైతులకు నష్టపరిహారం, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఆ వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అక్కణ్నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లి దశాబ్దాల పాటు నడిచింది. పౌరసంబంధాల కోణంలో చూస్తే ఇందులో గమనించాల్సింది కోర్టు తీర్పు కంటే మాట చెప్పిన మనిషి. ఊరివాళ్ల నాడి పట్టి చూసే డాక్టరు నీళ్లలో విషముందంటే నమ్మారు. కంపెనీ తరఫున సూటు వేసుకుని వచ్చినవాడు ప్రమాణాల ప్రకారమే ఉందంటే నమ్మలేదు. లెక్కలు ఎవరి దగ్గర ఎక్కువున్నాయన్నది ఇక్కడ ప్రశ్నే కాలేదు.

ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పటాన్‌చెరు ఎన్విరోటెక్ 1994లో మొదలైంది. పరిశ్రమలు దాన్ని సమస్యకు పరిష్కారంగా చాలాకాలం చూపించుకున్నాయి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయిన తర్వాత కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన సూచీలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కిందే లెక్క. 2010 జనవరిలో కొత్త అనుమతులపై నిషేధం పడింది. పరిష్కారమైపోయిందని ఒకసారి చెప్పి, అది కాలేదని బయటివాళ్లు కొలిచి చూపించాక, ఆ నోటితో చెప్పే తర్వాతి మాటకు విలువ ఉండదు. ఇవాళ ఈ ప్రాంతంలో నిజంగానే నిబంధనలు పాటించే కంపెనీ కూడా ఆ పాత అప్పు తీరుస్తూనే ఉంది.

చట్టం చెప్పించే మాట

జనానికి చెప్పి తీరాలని చట్టాలూ ఉన్నాయి. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలు నడిపే ఫ్యాక్టరీ ఆ వివరాలు కార్మికులకే కాక స్థానిక సంస్థకు, చుట్టుపక్కల జనానికి కూడా తెలపాలని అది నిర్దేశించింది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 15వ నిబంధన ఇంకొంచెం ముందుకెళ్తుంది. పెద్ద ప్రమాదం జరిగితే ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్లకు ప్రమాదం స్వభావం, అప్పుడు చేయాల్సినవి, చేయకూడనివి ముందే చెప్పాలంటుంది. అంటే గోడ పక్కన ఉన్న బస్తీలో తలుపు తట్టి, 'సైరన్ మోగితే గాలి వీచే దిక్కుకు పరుగెత్తొద్దు, గాలికి అడ్డంగా వెళ్లండి, తడి గుడ్డ ముక్కుకు పెట్టుకోండి' అని చెప్పి రావడం చట్టం ప్రకారం కంపెనీ పనే. ఆ పనికి కంపెనీలో ఎవరి పేరూ రాసి ఉండదు. భద్రతాధికారి అది పీఆర్‌వో పని అనుకుంటాడు, పీఆర్‌వో భద్రతాధికారి పని అనుకుంటాడు.

కాగితం మీద అమలైన నిబంధన జనానికి ఎంత అందుతుందో ఫ్యాక్టరీ గేటు దగ్గరి బోర్డు చూస్తే తెలుస్తుంది. ప్రమాదకర వ్యర్థాల వ్యాజ్యంలో 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత గేటు బయట బోర్డు తప్పనిసరైంది. పారిశ్రామికవాడ రోడ్ల మీద వెళ్తుంటే గేటు గేటుకూ కనిపిస్తుంది. ముదురు రంగు మీద తెల్లటి గళ్లు, గళ్లలో వాడే రసాయనాల పేర్లు, నిల్వ పరిమాణం, బీఓడీ, సీఓడీ, టీడీఎస్ అంకెలు, వ్యర్థాలు ఏ కేటగిరీకి చెందుతాయో వాటి సంఖ్యలు. చదవడం వచ్చినవాడికి కూడా అందులో అర్థమయ్యేది కంపెనీ పేరు ఒక్కటే. ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డవాడికి సీఓడీ 250 ఉంటే మంచిదో చెడ్డదో ఎవరు చెప్పాలి? పక్కనే 'ఇంతవరకు ఉండొచ్చు, ఇప్పుడు ఇంత ఉంది' అని ఒక వరుస తెలుగులో రాసి, కింద ఫోన్ నంబరు ఇస్తే అదే బోర్డు సమాచారం అవుతుంది. ఖర్చు డబ్బా రంగు.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ దీనికి పద్ధతి చెప్పింది. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. సభ జిల్లా కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ నడపాలి, మొత్తం వీడియో తీయాలి, జనం చెప్పినవి అక్కడికక్కడే చదివి వినిపించాలి. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు వేయించాలని కూడా అందులో ఉంది. చూడ్డానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉండదు. లొసుగులు కూడా అందులోనే ఉన్నాయి. సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. అనుమతులున్న పారిశ్రామికవాడ లోపల పెట్టే ప్రాజెక్టులకు సభే అక్కర్లేదు. పటాన్‌చెరు లాంటి చోట కొత్త యూనిట్లు వచ్చేది అలాంటి వాడల్లోనే కాబట్టి, జనం అడగాల్సిన చోట అడిగే వేదికే దొరకదు. సభ జరిగిన చోట్ల కూడా ఎంపిక పూర్తయ్యాకే జనాన్ని పిలుస్తారు. ప్రాజెక్టు వద్దనడానికి గానీ, వేరే చోట పెట్టమనడానికి గానీ అప్పటికి చోటుండదు.

చెప్పకుండా మొదలైన పనులు

ఆలస్యంగా వెళ్తే ఏమవుతుందో 2024, 2025 సంవత్సరాల్లో ఈ ప్రాంతంలోనూ, పక్క జిల్లాలోనూ వరుసగా కనిపించింది. 2024 నవంబర్ 11న వికారాబాద్ జిల్లా దుద్యాల మండలంలో ఫార్మా విలేజ్ భూసేకరణపై అభిప్రాయ సేకరణ సభ పెట్టారు. వేదిక లగచర్ల ఊరి బయట. జనం ఊళ్లోనే ఉండిపోయారు. కలెక్టరు ఊళ్లోకి వెళ్లినప్పుడు దాడి జరిగింది, అరెస్టులు జరిగాయి. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది. దాడిని ఎవరూ సమర్థించలేరు. అయినా సభ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఒక మాటే అని, ఊరి బయట కుర్చీలు వేసినప్పుడే ఆ మాట జనానికి చేరిపోయిందని ఒప్పుకోవాలి.

గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో 2025 ఫిబ్రవరిలో చెత్త శుద్ధి కేంద్రం పనులు పోలీసు బందోబస్తు మధ్య మొదలయ్యాయి. నల్లవల్లి, చుట్టుపక్కల ఊళ్లు నెలల తరబడి దీక్షలు చేశాయి. అది ఆధునిక శుద్ధి కేంద్రమే తప్ప హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డు కాదన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో ఎంత నిజమున్నా, బందోబస్తు లారీల వెనకాల వచ్చింది కాబట్టి ఎవరి చెవికీ ఎక్కలేదు. జవహర్‌నగర్ ఎలా ఉందో, కొత్త కేంద్రం దానికంటే ఏ విషయంలో వేరో ఊరి పెద్దల్ని బస్సులో తీసుకెళ్లి చూపించాల్సిన పని అది. ఎంత ఖర్చయినా నెలల ఆందోళన కంటే చవకే.

పటేల్‌గూడ అనుభవం వేరు. చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణల మీద చర్యకు 2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. సెప్టెంబర్ 22, ఆదివారం రోజు ఆ సంస్థ పటేల్‌గూడలో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ 25 నిర్మాణాలు కూల్చింది. అదే రోజు కిష్టారెడ్డిపేటలోనూ భవనాలు నేలమట్టమయ్యాయి. అనుమతులు చూసే కొన్నామని, బ్యాంకులు అప్పులిచ్చాయని కొన్నవాళ్లు వాపోయారు. అమీన్‌పూర్ కూల్చివేతలపై ఆ నెలాఖరులో హైకోర్టు అధికారుల్ని పిలిపించి, ఆదివారం ఎందుకు కూల్చారని అడిగింది. చెరువుల్ని కాపాడటం మంచి పనే, నగరంలో చాలామంది మొదట్లో చప్పట్లు కొట్టారు. కూల్చే యంత్రం ముందు, చెప్పే మనిషి తర్వాత రావడంతో ఆ చప్పట్లు భయంగా మారాయి. 2025 జనవరి 6 నుంచి హైడ్రా సోమవారాల్లో ప్రజావాణి మొదలుపెట్టి ఫిర్యాదులు తీసుకోవడం ప్రారంభించింది. ఆక్రమణల సమాచారం జనం నుంచే రావడం అప్పుడు పెరిగింది. ఇదే ప్రజావాణి నాలుగు నెలల ముందు ఉండి ఉంటే, ఏ సర్వే నంబరులో కొనకూడదో కనీసం కొత్తగా కొనబోయేవాళ్లకైనా తెలిసేది.

ప్రమాదం రోజు

పౌరసంబంధాలకు అసలు పరీక్ష ప్రమాదం రోజు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటపడి 12 మంది చనిపోయారు. తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ, ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా మోగించలేదని తేల్చింది. వెంకటాపురం వాసులకు హెచ్చరిక వాసన రూపంలో వచ్చింది. ఒకవేళ సైరన్ మోగినా అది దేనికి గుర్తో, ఎటు పరుగెత్తాలో ముందే చెప్పి ఉండాలి. 15వ నిబంధన ఉన్నది అందుకే.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మాత్రల్లో కలిపే పొడి. 46 మంది చనిపోయారు, మరో 8 మంది ఆనవాళ్లు దొరకలేదు. చాలామంది వలస కార్మికులు. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న మృతదేహాలకు డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి ముందు, ఫ్యాక్టరీ గేటు ముందు కుటుంబాలు రోజుల తరబడి పడిగాపులు కాశాయి. వాళ్లకు కావలసిన మాట ఒక్కటే: తమవాడు ఆ ఉదయం లోపల ఉన్నాడా లేడా. మృతుల సంఖ్య రోజురోజుకూ మారింది. 40 మంది చనిపోయారని, 33 మంది గాయపడ్డారని, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇస్తామని కంపెనీ వివరంగా తెలిపింది జూలై 2న, స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపిన లేఖలో. వాటాదారుకు ఆ లేఖ చట్టం ప్రకారం వెళ్లాల్సిందే. బిహార్‌లోని ఊళ్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న తల్లికి ఆ లేఖ చేరదు.

ఇలాంటి రోజుకు సిద్ధం కావడమంటే పెద్ద ప్రణాళిక పుస్తకం రాయించడం కాదు. ప్రతి షిఫ్టులో కాంట్రాక్టు కూలీలతో సహా లోపల ఉన్నవాళ్ల పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఫ్యాక్టరీ బయట ఇంకో చోట కూడా ఉండాలి. లోపలున్న రిజిస్టరు లోపలే కాలిపోతుంది. హిందీ, ఒడియా, బెంగాలీలో మాట్లాడగలిగే మనిషి మొదటి గంటలోనే గేటు దగ్గర కూర్చోవాలి. తెలిసింది, తెలియనిది విడివిడిగా చెప్పాలి. కొత్త సంగతి ఏమీ లేకపోయినా 'మళ్లీ రెండు గంటలకు చెబుతాం' అని చెప్పి, ఆ రెండు గంటలకు వచ్చి నిలబడాలి. కలెక్టరు, పోలీసు, డాక్టరు, కంపెనీ తలో సంఖ్య చెప్పకుండా ఒకే చోట ఒకే జాబితా అతికించాలి. ఆసుపత్రి గోడ మీద అతికించిన చేతిరాత జాబితా కూడా ఇలాంటప్పుడు టీవీ స్క్రోలింగ్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఎవరు చెబితే వింటారు

ప్రపంచంలో ఈ రంగంపై చాలా సిద్ధాంతాలొచ్చాయి. అమెరికాలో ఐవీ లీ 1906లోనే పత్రికలకు దాచకుండా చెబుతామని సూత్రాలు ప్రకటించాడు. 1984లో గ్రూనిగ్, హంట్ పౌరసంబంధాలను నాలుగు రకాలుగా విడగొట్టి, రెండు వైపులా సమానంగా మాట నడిచే పద్ధతే మేలన్నారు. పీటర్ శాండ్‌మన్ అనే ఆయన ఇంకో సంగతి పట్టుకున్నాడు. జనం దృష్టిలో ముప్పు అంటే జరగగల హాని ఒక్కటే కాదు, దానికి తమ ఆగ్రహమూ కలుస్తుంది. అడక్కుండా నెత్తిన పెట్టినది, దాచిపెట్టినది అని తెలిస్తే చిన్న ముప్పు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. భారత్‌లో ఈ వృత్తికి 1958 నుంచి పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఉంది, ఏటా ఏప్రిల్ 21న దినోత్సవమూ జరుగుతుంది. హైదరాబాద్ నుంచి సి.వి. నరసింహారెడ్డి 'పబ్లిక్ రిలేషన్స్ వాయిస్' పత్రిక నడిపారు. అయితే ఫ్యాక్టరీల ప్రాంతానికి సరిపోయే పాఠం సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాద్ వైపు ఉంది.

పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాల సాగును జనంలోకి తీసుకెళ్లిన తీరు చూడదగ్గది. ఏటా సంక్రాంతి నుంచి నెల రోజుల పాటు సాగే పాత పంటల జాతరలో విత్తనాల మట్టి కుండలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. ఊరివాళ్లు ఎదురొచ్చి బండ్లకు పూజ చేస్తారు, ఆ తర్వాత చెట్టు కింద కూర్చుని పంటల గురించి మాట్లాడుకుంటారు. మాట్లాడేది అధికారులు కాదు, పండించే దళిత మహిళలు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో మొదలైన సంఘం రేడియో కూడా వాళ్ల చేతుల్లోనే నడుస్తోంది. దేశంలో పౌరసంస్థకు లైసెన్సు వచ్చిన తొలి గ్రామీణ సామాజిక రేడియోల్లో అదొకటి. దాని విజయానికి కారణం సాంకేతికత అనుకుంటే పొరబాటే. తమ యాసలో, తమ పక్కింటి నరసమ్మ గొంతు రేడియోలో వినిపిస్తే ఊరు చెవి పెట్టింది. జనానికి చేరే మాటను జనమే తయారు చేసుకున్నారు. కంపెనీలు జీతమిచ్చి పెట్టుకునే ఏజెన్సీలు చేయలేనిది ఇదే.

ప్రభుత్వం కూడా పాటను వాడుకుంది. తెలంగాణ సాంస్కృతిక సారథి కళాకారులు డప్పు, గజ్జె కట్టి పథకాల గురించి ఊళ్లలో ఆడిపాడుతుంటారు. పాట బాగుంటే జనం ఆగుతారు, పిల్లలు ముందు వరుసలో కూర్చుంటారు. దానికీ పరిమితి ఉంది. పాట ఒకవైపే వెళ్తుంది. ఆట అయ్యాక 'మా పింఛను ఎందుకు రాలేదు' అని అడిగే ముసలమ్మకు జవాబు చెప్పే అధికారి పక్కన లేకపోతే, ఆ సాయంత్రం ప్రచారం జరిగిందే తప్ప సంబంధం ఏర్పడలేదు.

ఫ్యాక్టరీల ప్రాంతంలో మాట చేరవేయగలిగినవాళ్లు వేరే ఉంటారు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఇంటి యజమానులు, కిరాణా షాపువాడు, కాంట్రాక్టరు కింద ఉండే మేస్త్రీ. ఇస్నాపూర్ చౌరస్తా చుట్టూ అద్దె గదుల్లో ఉండే వలస కార్మికులకు కంపెనీ హెచ్ఆర్ ఎవరో తెలియదు, మేస్త్రీ తెలుసు. అయితే పని ఇచ్చేవాడూ అతనే కాబట్టి అతనిపై ఫిర్యాదు అతని చెవిలోనే వేయలేరు. చెప్పే దారి, అడిగే దారి ఒక్కటే కాకూడదన్నది అందుకే.

వాసన ఉదాహరణ

అమీన్‌పూర్, బొల్లారం వైపు కాలనీల్లో తరచూ వచ్చే ఫిర్యాదు రాత్రి వాసన. దీనికి సాధారణంగా వచ్చే జవాబు 'మా సంస్థ అన్ని ఉద్గారాలను నిర్దేశిత ప్రమాణాలకు లోబడి నిర్వహిస్తోంది' అన్న ధోరణిలో ఉంటుంది. ఈ వాక్యంలో తప్పు లేదు, పనికొచ్చేదీ లేదు. అదే విషయాన్ని 'మంగళవారం రాత్రి 11 నుంచి 1 దాకా ట్యాంకు కడుగుతాం. కుళ్లిన గుడ్ల వాసన రావచ్చు. ఒంటిగంట దాటాక కూడా వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి, అరగంటలో మనిషి వస్తాడు' అని రెండు రోజుల ముందు చెబితే ఏమవుతుంది? కొందరు తిడతారు. చాలామంది కిటికీ మూసుకుంటారు. ఒంటిగంట దాటాక వాసన వస్తే ఫోన్ చేస్తారు, అప్పుడు కంపెనీకి తన లీకేజీ తనకంటే ముందు ఊరివాళ్ల ద్వారా తెలుస్తుంది. మనిషి నిజంగా వెళ్తేనే ఇదంతా పనిచేస్తుంది. ఒక్కసారి వెళ్లకపోతే తర్వాతి ఫోన్ కాలుష్య నియంత్రణ మండలికి, ఆ తర్వాతిది టీవీ చానెల్‌కు వెళ్తుంది.

ఇలా చెప్పమని సలహా ఇస్తే న్యాయ విభాగం అభ్యంతరం చెబుతుంది. వాసన వస్తుందని రాసిస్తే రేపు కోర్టులో అదే సాక్ష్యమవుతుందన్నది వాళ్ల భయం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈ ప్రాంతంలో కేసులు వేయించింది ఒప్పుకోలు పత్రాలు కాదు, నీళ్ల రంగు.

విరాళం, సంబంధం

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. బడి గదులు, నీటి శుద్ధి యంత్రాలు, బస్ షెల్టర్లు వచ్చాయి. అవసరమైనవే. అయితే చాలా కంపెనీల్లో జనంలోకి వెళ్లే పని మొత్తం ఈ పద్దులోకి జారిపోయింది. చెక్కు ఇచ్చి ఫొటో దిగి వచ్చేస్తే ఊరితో సంబంధం ఏర్పడినట్టు లెక్క రాసుకుంటారు. బోరులో రసాయనం కలిసిన ఊరికి శుద్ధి యంత్రం దానంగా ఇస్తే ఊరివాళ్లు ఆ నీళ్లు తాగుతారు, దాత పేరున్న పలకను చూసి నవ్వుకుంటారు. అంతకుముందే ఊరిని అడిగి ఉంటే బహుశా యంత్రం అడిగేవారు కాదు, నెలకోసారి తమ ఎదుటే నీళ్ల నమూనా తీసి, తమకు నచ్చిన ల్యాబ్‌లో పరీక్ష చేయించమనేవారు.

పని ఎంత జరిగిందో కొలిచే పద్ధతిలోనూ ఇదే లోపం. పీఆర్‌వో నెల చివర పంపే నివేదికలో ఎన్ని వార్తలొచ్చాయి, ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు, సభకు ఎంతమంది వచ్చారు అన్న లెక్కలుంటాయి. వీటికి ఇంకో రకం లెక్కలు చేర్చాలి. ఫిర్యాదుల పుస్తకంలో ఎన్ని నమోదయ్యాయి, ఎన్ని రోజుల్లో జవాబు వెళ్లింది, జవాబు తీసుకుని మనిషి వెళ్లాడా లేక మెసేజ్ పోయిందా, జనం చెప్పినదాన్ని బట్టి కంపెనీ ఏం మార్చుకుంది. చివరిదానికి సాధారణంగా గడి ఖాళీగా ఉంటుంది. ఫిర్యాదులు తగ్గితే సంతోషించడమూ తొందరపాటే. సమస్య తీరి తగ్గి ఉండొచ్చు, చెప్పినా లాభం లేదని మానేసి ఉండొచ్చు. ఎవరు మానేశారో కనుక్కోవాలంటే మళ్లీ ఆ ఇళ్లకు వెళ్లాల్సిందే.

ఆ పని చేసే ఉద్యోగికి కంపెనీలో ఉన్న చోటును బట్టి మిగతాదంతా ఉంటుంది. పటాన్‌చెరు ప్రాంతంలో ఎక్కువ యూనిట్లు మధ్యతరహావి. అక్కడ జనసంబంధాలు హెచ్ఆర్ మేనేజరు చూసే పది పనుల్లో పదోది. ఊళ్లో సర్పంచో, కౌన్సిలరో, గుడి కమిటీవాళ్లో చందాకు వచ్చినప్పుడు మాట్లాడటానికే ఆ చోటు పరిమితం. పది యూనిట్లు కలిసి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. తెలుగుతో పాటు హిందీ వచ్చిన మనిషి, షిఫ్టు ఇన్‌చార్జికి రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి ప్రక్రియ ఆపమని అడగగలిగే అధికారం ఉన్న మనిషి. వ్యర్థజల శుద్ధికి ఉమ్మడి కేంద్రం పెట్టుకున్న పరిశ్రమలకు ఇది కొత్త పద్ధతేమీ కాదు.